మూడో బాస్ డ్రమ్

అమెరికాలోని ఇండియానపొలిస్ లూకస్ ఆయిల్ స్టేడియంలో జరిగే డ్రమ్ కోర్ (కవాతు చేస్తూ బూరలు, డ్రమ్ములు వాయించే యువ బృందాలు) పోటీల ఫైనల్స్ గురించి మీరు రాసిన వ్యాసం చదువుతుంటే నా వేళ్లు టేబుల్ మీద వాటంతటవే కదిలాయి. 2010, 2011 వేసవుల్లో నేనూ ఆ మైదానంలో నిలబడ్డాను, మూడో బాస్ డ్రమ్ తగిలించుకుని.

వ్యాసంలో బాస్ లైన్, అంటే బాస్ డ్రమ్ములవాళ్ల వరుస గురించి ఒక్క వాక్యమే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. మా వరుసలో ఐదుగురం, ఐదు సైజుల డ్రమ్ములు. వేగంగా వచ్చే చోట ఒక్కొక్కరి వాటాకి రెండు మూడు దెబ్బలే. అవి ఒకదాని వెంట ఒకటి అతుక్కుని పడితేనే, వినేవాళ్లకు అంతా ఒక్కరే వాయించినట్టు ఉంటుంది. నేను రవ్వంత ఆలస్యమైనా నడుమ గొయ్యి పడినట్టు తెలిసిపోయేది. పక్కన రెండో డ్రమ్మువాడు ఊపిరి పీల్చే చప్పుడును బట్టి నా దెబ్బ వేసేవాణ్ని.

రాత్రంతా బస్సు, తెల్లారేసరికి ఏదో ఊళ్లో హైస్కూల్ జిమ్ నేల మీద కాసేపు నిద్ర, మళ్లీ చీకటి పడేదాకా ఎండలో ప్రాక్టీసు. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా వారంలో ఖాళీ. బాస్ లైన్ మొత్తం శాండ్‌విచ్‌లలో పెట్టుకుని తినేశారు!

22 ఏళ్లు దాటితే ఇక కోర్‌లోకి రానివ్వరు. నా ఆఖరి షో అయ్యాక డ్రమ్ములు దించకుండానే ఐదుగురం ఏడ్చాం. ఎన్నో స్థానం వచ్చిందో అప్పుడు ఎవరికీ పట్టలేదు.

ఆ రెండో డ్రమ్మువాడు నా పెళ్లికి విజయవాడ వచ్చాడు. ఊరేగింపులో బ్యాండువాళ్లను అడిగి డ్రమ్ము తీసుకుని మా పాత ముక్క మొదలుపెట్టాడు. నా వంతు దెబ్బలు నేను కారు డోరు మీద వేశాను.