ఆటోమేటిక్ బ్యాకప్ నిర్దోషి

దిమ్మెలతో లోకాలు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్లో ప్రపంచం పాడైన ప్రతిసారీ ఆటగాళ్లంతా ఏకమై ఆటోమేటిక్ బ్యాకప్ మీద నేరం మోపడం ఆనవాయితీ అయింది. కంచే చేను మేసిందన్నది వారి అభియోగం. ఇది ఘోరమైన అన్యాయమని సవినయంగా మనవి చేస్తున్నాను. మీ ప్రపంచాన్ని తిరిగి ఇస్తానని బ్యాకప్ ఏనాడైనా మాట ఇచ్చిందా? నకలు తీస్తానంది, తీసింది. అర్ధరాత్రి అందరూ నిద్రపోతున్న వేళ, ఒక్క పూట సెలవు పెట్టకుండా తీసింది. ఆ నకలు తెరుచుకుని తీరాలన్న షరతు ఒప్పందంలో ఎక్కడా లేదు.

సాంకేతిక వాదననూ పరిశీలిద్దాం. ఈ ఆటలో భూభాగమంతా రీజియన్ ఫైళ్లలో ఉంటుంది. ఒక్కో ఫైల్లో 1024 చంకులు (నేలను చదరాలుగా కోసిన ముక్కలు) పడతాయి, ఏ చంకు ఎక్కడుందో చెప్పే సూచిక ఫైలు మొదట్లోనే ఉంటుంది. సర్వర్ నడుస్తుండగానే వచ్చిన బ్యాకప్ స్క్రిప్టు (నకలు తీసే చిన్న ప్రోగ్రాం) ముందుగా ఆ సూచికను నకలు చేసుకుంటుంది. మిగతాది చదివేలోగా సర్వర్ ఒక చంకును వేరే చోటికి మార్చి, దాని పాత స్థలాన్ని మరో చంకుకు కేటాయిస్తుంది. ఆ విధంగా నకల్లో సూచిక పాతదిగాను, సరుకు కొత్తదిగాను మిగులుతాయి. ఇందులో ఎవరిని తప్పుపడతారు? ఒక శాఖ వేసిన రోడ్డును మర్నాడే మరో శాఖ పైపుల కోసం తవ్వినప్పుడు మనం ఎవరినైనా సస్పెండ్ చేశామా?

ఇక ఆ నకలును తెచ్చి సర్వర్లో పెట్టాక కనిపించే దృశ్యం గురించి. చదవలేని చంకును సర్వర్ ఖాళీగా వదలదు, సీడ్ (ఆ ప్రపంచాన్ని మొదట పుట్టించిన సంఖ్య) ప్రకారం మళ్లీ మొదటి నుంచి పుట్టిస్తుంది. అందుచేత మీ కోట సగం దాకా నిక్షేపంగా ఉండి, చంకు హద్దు దగ్గర తిన్నగా తెగిపోతుంది. అవతల, కోటకు పునాది పడకముందున్న గుట్ట, దాని మీద పచ్చిక, వజ్రాల పెట్టె ఉండవలసిన చోట ఒక గొర్రె. దీనిని నష్టమనడం సంకుచిత దృష్టి. పర్యావరణ పునరుద్ధరణగా నమోదు చేయాలని నా విన్నపం.

ఇటువంటివి జరగకూడదనే ఆటలో సేవ్-ఆఫ్, సేవ్-ఆల్, సేవ్-ఆన్ అనే కమాండ్లు పెట్టారు. సర్వర్ డిస్కు మీద తనంతట తాను రాసే రాతను ఆపి, మిగిలినదంతా డిస్కుకు చేర్చి, నకలు తీసి, మళ్లీ రాత మొదలుపెట్టాలి. సర్వర్‌ను నడిపే జాగ్రత్తపరుడైన అడ్మిన్ ఈ వరుసంతా స్క్రిప్టులో రాస్తాడు. నకలు మధ్యలో డిస్కు నిండి (నింపినవి పాత బ్యాకప్‌లేనన్నది వేరే సంగతి) స్క్రిప్టు అక్కడే కూలబడితే సేవ్-ఆన్ దాకా చేరదు. ఆపైన సర్వర్ హాయిగా నడుస్తుంది, ఆటగాళ్లు రోజుల తరబడి ఊళ్లు కడతారు, తనంతట తానుగా జరగవలసిన సేవ్ మాత్రం జరగదు. కరెంటు పోయిన క్షణాన ఆ ఊళ్లూ పోతాయి. ఈ విధంగా ప్రపంచాన్ని కాపాడే జాగ్రత్తే దానిని మింగిన ఉదంతాలను తలచుకున్నప్పుడు, అసలు జాగ్రత్త పడకపోవడమే క్షేమమనే అడ్మిన్ల వివేకానికి చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది.

చివరి ఏడు నకళ్లు మాత్రమే ఉంచే ఆచారం కూడా మెచ్చదగినదే. ప్రపంచం చెడిన సంగతి ఎనిమిదో రోజున బయటపడితే, ఆ ఏడింటి మధ్యా ఎక్కడా భిన్నాభిప్రాయం ఉండదు.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ సంస్థ డేటాసెంటర్ తగలబడి, రస్ట్ ఆటకు చెందిన 25 యూరప్ సర్వర్లు నాశనమయ్యాయి. ఆ డేటా ఇక రాదని తయారీదారు ఫేస్‌పంచ్ ప్రకటించింది. అక్కడ అంత పెద్ద మంట కావలసి వచ్చింది. మన స్క్రిప్టు అదే ఫలితాన్ని ఒక్క నిప్పురవ్వ లేకుండా సాధిస్తోంది.

నెలకోసారి ఒక నకలును వేరే సర్వర్లో తెరిచి, అందులో తిరిగి చూసుకోవాలని కొందరు పెద్దలు సలహా ఇస్తున్నారు. దయచేసి వారి మాట వినకండి. తెరిస్తే అది పాడైందని తెలిసిపోతుంది. ఇన్నాళ్లుగా ప్రతి ఉదయమూ లాగ్‌లో ఆకుపచ్చగా వెలుగుతున్న ‘విజయవంతం’ అనే మాటను రేపటి నుంచి ఏ మొహంతో చదువుతారు?