ఇరవై నిమిషాల ఫుటేజీ చూపించడానికి ఏమయింది?

ఇప్పుడే ఇంటికి వచ్చాను. ప్యాంటుకు అంటిన మూసీ బురద ఇంకా ఆరలేదు, కోపమూ చల్లారలేదు.

నిన్న రాత్రి అంబర్‌పేటలో మతిమరుపు ఉన్న 74 ఏళ్ల పెద్దాయన భోజనం చేసి, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయారు. తప్పిపోయినవాళ్లను వెతికే వాలంటీర్లం మేము ఆరుగురం 10:45కు వాళ్లింటికి చేరుకున్నాం. ఆ సందు మొదట్లోని అపార్ట్‌మెంట్ గేటుకు రోడ్డు వైపు తిరిగిన కెమెరా ఉంది. జనమే సీసీ కెమెరాలు పెట్టించుకునేలా పోలీసులు నడిపే ‘నేను సైతం’ కార్యక్రమం కింద పెట్టించామని అక్కడివారే చెప్పారు. సెక్రటరీ గారు మాత్రం, రేపు పొద్దున పోలీసుల దగ్గర లెటర్ తీసుకురండి, అప్పుడు చూద్దాం అన్నారు. మేము కాపీ అడగలేదు. ఆడవాళ్లు తిరిగే గేటు, ఫుటేజీ బయటికి పోతుందేమోనన్న ఆయన భయం నాకు అర్థమవుతుంది. 9 గంటల నుంచి 9:20 వరకు, పెద్దాయన ఎడమకు తిరిగారా, కుడికి తిరిగారా అన్నది ఆయన ముందే ఒక్కసారి చూస్తామన్నాం. కూతురు చేతులు జోడించింది. “అందరికీ చూపిస్తూ పోతే ఎలాగమ్మా” అని ఆయన తలుపు వేసుకున్నారు.

మనిషి గంటకు 3 కిలోమీటర్లే నడిచినా, ఎటు వెళ్లారో తెలియనప్పుడు మొదటి గంటకు వెతకవలసింది దాదాపు 28 చదరపు కిలోమీటర్లు, రెండో గంటకు 113. పైగా మతిమరుపు ఉన్నవాళ్లలో చాలామంది పేరు పెట్టి పిలిచినా పలకరు, దారి అడగరు, కాళ్లు సహకరించినంత దూరం నడుస్తూనే ఉంటారు. ఏమీ తెలియనప్పుడు ఎవరికైనా ముందు నీళ్ల భయమే కలుగుతుంది కాబట్టి, మూసారాంబాగ్ వంతెన పక్కన టార్చిలైట్లతో తెల్లవారుజాము దాకా గట్టంతా గాలించాం.

5 గంటలకు పాల ప్యాకెట్ల కోసం ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు షట్టర్ లేచింది. ఆ కొట్టాయన, అడగ్గానే, తన సెల్‌ఫోన్‌లోనే కెమెరా తెరిచి చూపించాడు. 9:12కు పెద్దాయన ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, భుజానికి గుడ్డ సంచి తగిలించుకుని, మూసీకి పూర్తిగా ఎదురు దిక్కున నడిచి వెళ్తున్నారు. “నాన్న డ్యూటీకి వెళ్లారు” అంది కూతురు. ఆజామాబాద్‌లో ఆయన పనిచేసిన, ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు ముందు, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని కనిపించారు. గేటు ఇంకా తెరవలేదేమని మమ్మల్నే అడిగారు. చెప్పులు ఎక్కడో జారిపోయాయి, రెండు అరికాళ్లూ బొబ్బలు.

లెటర్ అంటే గుర్తొచ్చింది. పోయిన నెల ఇంకో కుటుంబం ఒక స్టేషన్‌కు వెళితే, 24 గంటలు చూసి రమ్మని పంపించారు. మనిషి తప్పిపోతే ఒక రోజు ఆగాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. తప్పిపోయిన పిల్లల విషయంలో వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. అయినా ఆ 24 గంటల మాట జనంలో ఎంతగా నాటుకుపోయిందంటే, చాలా ఇళ్లలో స్టేషన్‌కు వెళ్లకుండా తామే తెల్లవారే దాకా ఆగిపోతున్నారు. పోలీసులు రేపు రమ్మంటే, సెక్రటరీ రేపు లెటర్ తెమ్మంటే, ఆ రాత్రి రోడ్డు మీద ఉన్న మనిషి ఏం కావాలి?

ఇందాక సెక్రటరీ గారు ఫోన్ చేశారు. “దొరికారట కదండీ, మంచిది” అన్నారు. ఒకసారి వచ్చి ఆ పాదాలు చూసి వెళ్లమన్నాను.