మా ఇంటి పొరకకు, నీ పాత కొలువు గురించి

ఈత పొరకా,

హనుమకొండ చౌరస్తా దగ్గర బేరమాడి తెచ్చిన రోజున నీ గతం నాకు తెలియదు. తెల్లారగానే వాకిలి ఊడుస్తావు, పని కాగానే తలుపు వెనకాల పడుకుంటావు. ఇంత బుద్ధిమంతురాలివి ఒకప్పుడు రష్యాలో పోలీసు కొలువు చేశావంటే ఎట్లా నమ్మేది?

1565లో జార్ నాలుగో ఇవాన్, అదే ఆ భయంకరుడు, దేశాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్క తన సొంతానికి ఉంచుకున్నాడు. దాని పేరు ఒప్రిచ్నినా. దానికోసం మొదట వెయ్యి మందిని తీసుకున్నాడు, పోనుపోను ఆ లెక్క వేలకు పెరిగింది. నల్లబట్టలు, నల్లగుర్రాలు. గుర్రం మెడకు కుక్క తలకాయ, ద్రోహులను పసిగట్టి కరవడానికట. పక్కన నువ్వు, ద్రోహాన్ని ఊడ్చెయ్యడానికి. దీన్ని రహస్య పోలీసు అంటారు! కుక్క తలకాయ వేలాడేసుకుని వచ్చేవాడిలో రహస్యమేముంది? తాను చేసిన నేరమేమిటన్నదే ఆ ఇంటాయనకు రహస్యం.

మా అమ్మ నీ విషయంలో రెండే చెప్పేది. పొద్దుగూకినాక ఊడ్వద్దు, లక్ష్మి పోతుంది. నిలబెట్టొద్దు, కొట్లాటలవుతాయి. నువ్వు గుర్రమెక్కి రెండూ తప్పావు. లక్ష్మి పోయిన మాట నిజమే గానీ, ఎటు పోయిందో లెక్క కూడా ఉంది. 1570 జనవరిలో, శత్రువులతో కుమ్మక్కయిందన్న అనుమానంతో, నొవ్‌గొరోద్ పట్టణం మీద పడ్డారు. వేలమందిని చంపారు. ఎంతోమందిని గడ్డకట్టే చలిలో వోల్ఖోవ్ నదిలోకి తోశారు. హైన్రిఖ్ ఫాన్ స్టాడెన్ అనే జర్మన్ ఆ కొలువులోనే ఉండి, తర్వాత తీరిగ్గా రాసుకున్నాడు: ఒక్క గుర్రంతో పోయి 49 గుర్రాలతో తిరిగొచ్చాడట, వాటిలో 22 సామాను బండ్లు లాగుతున్నవే. దసరాకొచ్చిన కొత్తల్లుడు కూడా ఇంత మూటగట్టుకుపోడు. చెత్తను బయటికి ఊడ్చేదానివి, సొమ్మును లోపలికి ఊడ్వడం ఎక్కడ నేర్చావే?

ఈ కథ మా నాయనమ్మకు చెప్తే, "రజాకార్లేనా బిడ్డా?" అంది.

కాదు, వాళ్లకంటే దాదాపు నాలుగు వందల ఏండ్ల ముందటోళ్లు, రష్యావోళ్లు అన్నాను.

"ఇండ్లు దోచిన్రా?"

దోచిన్రు.

"అయితే వాళ్లే," అని పక్కకు తిరిగి పడుకుంది.

ఊడ్చేవాళ్లను కూడా ఊడ్చావు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఈ కొలువు పెట్టించినవాళ్లలో పెద్దతలకాయ అలెక్సేయ్ బాస్మానోవ్ మీదే ద్రోహం నేరం పడింది, ఆయనా పోయాడు. 1571లో క్రిమియా ఖాన్ దౌలత్ గిరాయ్ మాస్కో మీదికి వస్తే, నిరాయుధుల ఇండ్ల మీద అంత పౌరుషం చూపిన మీవాళ్లలో చాలామంది యుద్ధానికి రానేలేదు. మాస్కో తగలబడింది. మరుసటేడు జార్ ఆ దళాన్నే ఎత్తేశాడు. ఆ పేరెత్తితే కొరడా దెబ్బలన్నారట, ఇదీ స్టాడెన్ రాసిందే. నిన్నటిదాకా పేరు చెప్పి వణికించారు, ఇప్పుడు పేరు చెప్పొద్దని వణికించారు.

ఇది రాస్తుంటే వాడకుక్క ఒకటి వాకిట్లోకొచ్చి నిన్ను వాసన చూస్తోంది. రోజూ వచ్చేదే, ఎన్నడూ పట్టించుకోలేదు. ఇవాళ మాత్రం లేచివెళ్లి దాన్ని అదిలించి, నిన్ను తెచ్చి తలుపు వెనకాల పడేశాను.