హౌసింగ్ ఏఈ బావమరిది అయితే...

చెంచులు తమను నమ్మడం లేదని మన అధికారులకు ఒకటే బెంగ. ఉండదా మరి? 2023 నవంబర్‌లో పీఎం జన్‌మన్ పథకం వచ్చింది. దేశంలోని 75 ఆదిమ తెగలకు 4.9 లక్షల పక్కా ఇళ్లు, ఇంటికి 2.39 లక్షల రూపాయలు. ఇంత ఇస్తామన్నా నల్లమల పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, జనం ఎగిరి గంతేయకపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

హౌసింగ్ శాఖ మాత్రం వాళ్లను పూర్తిగా నమ్ముతుంది. కాకపోతే ముందు ఆధార్ చూపించాలి. పాత గుడిసె ముందు నిలబడి ఫొటో దిగాలి, ఖాళీ జాగాలో నిలబడి ఇంకోటి. పునాదికొకటి, కప్పుకొకటి. ప్రతి ఫొటోకూ అక్షాంశం, రేఖాంశం అతికితేనే బిల్లు కదులుతుంది. సిగ్నల్ లేక ఫొటో వెళ్లకపోతే శాఖేం చేస్తుంది? టవర్ వచ్చే చోటు చూసుకుని గుడిసెలు వేసుకోకపోవడం చెంచుల తాతల తప్పు.

సిమెంటు లారీ పులుల అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ ఒప్పుకోవాలి. ఒక శాఖ కట్టుకోమంటుంది, ఇంకోటి గేటు దగ్గర ఆగమంటుంది. రెండూ ఒకే సర్కారువని నమ్మే పని కూడా చెంచులదే. గడ్డి కప్పిన గుండ్రటి గుడిసె పోయి 25 చదరపు మీటర్ల నలుచదరపు ఇల్లు వస్తుంది. ఏప్రిల్‌లో స్లాబు కింద నిద్ర పడుతుందా అని వాళ్లనెందుకు అడగలేదంటారా? ఫారంలో ఆ గడి లేదండీ.

పోనీ, చెంచులకు నమ్మకమంటే తెలియదా? కొండచరియకు పట్టిన తేనె కోసం మనిషి తాడు మీద లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టేది బావమరిది. అన్నదమ్ములకు కూడా ఆ పని అప్పగించరు. తాడు జారితే తెగేది తన తోబుట్టువు తాళి కాబట్టి బావమరిది చెయ్యి వదలడని లెక్క.

అందుకే నా సూచన. అవగాహన సదస్సులు ఆపేసి, హౌసింగ్ అసిస్టెంట్ ఇంజినీర్లను, అదే ఏఈలందరినీ, జీవో ఇచ్చి చెంచులకు బావమరుదులను చేయాలి. పెంటలో బిల్లు ఆగిన నెల సారు జీతమూ ఆగాలి. అది విడుదల కావాలంటే ఆయన తన క్వార్టర్ ముందు నిలబడి, అందులోనే ఉంటున్నట్టు ఫొటో దిగాలి. తీసేది పెంట పెద్దమనిషి. సిగ్నల్ అందకపోతే వచ్చే నెల చూద్దాం.