గది తిరిగింది, కెమెరా కూడా తిరిగింది

హాలీవుడ్ డాన్స్ హీరో ఫ్రెడ్ ఆస్టేర్ ఒక ఫొటో వైపు చూస్తూ చూస్తూ గోడ ఎక్కుతాడు. అక్కడి నుంచి సీలింగ్ మీదికి వెళ్లి తలకిందులుగా డాన్స్ చేస్తాడు. 1951లో వచ్చిన ‘రాయల్ వెడ్డింగ్’లోని ఈ పాట చూసినవాళ్లు ఆస్టేర్‌ను మరచిపోరు. దాన్ని తీసిన దర్శకుడు స్టాన్లీ డోనెన్ పేరు మాత్రం చాలామందికి తట్టదు. ఇది అన్యాయం.

ఆ గదిని పెద్ద ఉక్కు పీపాలాంటి చట్రంలో కట్టారు. చట్రం తిరిగితే గదీ తిరుగుతుంది. కెమెరాను, కెమెరామన్‌ను గదికే బిగించారు కాబట్టి వాళ్లూ దాంతోపాటే గిర్రున తిరిగారు. అందుకే తెర మీద గది కదిలినట్టే ఉండదు. ఆస్టేర్ నిజానికి ఎప్పుడూ పీపా అడుగునే ఉన్నాడు. సామాన్లు ఊడిపడకుండా బిగించాలి. లైట్లు కూడా గదితోనే తిరగాలి, లేదంటే నీడలు గోడ మీద జరిగి గుట్టు రట్టు చేస్తాయి. అన్నిటికన్నా కష్టం కాలిది. గోడ నేలగా మారే క్షణంలోనే, తాళం తప్పకుండా, అడుగు అటు పడాలి. కాస్త ముందు పడితే మెట్టు ఎక్కుతున్నట్టుంటుంది, ఆలస్యమైతే జారినట్టుంటుంది.

డోనెన్ 1924లో సౌత్ కరొలైనాలోని కొలంబియాలో పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో తెర మీద ఆస్టేర్‌ను చూసి డాన్స్ పిచ్చిలో పడ్డాడు. పదహారేళ్లకు న్యూయార్క్ చేరి, 1940లో బ్రాడ్వే నాటకం ‘పాల్ జోయీ’లో గుంపు డాన్సర్‌గా చేరాడు. అందులో హీరో జీన్ కెల్లీ. ఆ పరిచయమే డోనెన్‌కు దారి చూపింది, పేరు విషయంలో నీడగానూ మిగిలింది.

‘కవర్ గర్ల్’ (1944)లో కెల్లీ రాత్రివేళ వీధిలో తన ప్రతిబింబంతోనే పోటీపడి ఆడే డాన్స్ డోనెన్ ఆలోచన. ఇది కుదరదన్నాడు ఆ సినిమా దర్శకుడు చార్లెస్ విడోర్. ఒకే డాన్సర్‌ను రెండుసార్లు తీసి ఒకే ఫిల్మ్ మీద కలపాలి. కెమెరా కదలకుండా ఉంటే పని సులువు. ఇక్కడ కెమెరా కూడా కదులుతుంది. కదలికను కంప్యూటర్ గుర్తుపెట్టుకునే రోజులు కావవి. మొదటిసారి ఏ బీట్‌కు ఎక్కడుందో, రెండోసారి సరిగ్గా ఆ బీట్‌కు అక్కడే ఉండాలి. ఏమాత్రం తేడా వచ్చినా ఒక కెల్లీ నేల మీద నిలబడతాడు, రెండో కెల్లీ తేలుతూ పోతాడు. అప్పటికి డోనెన్‌కు ఇరవై ఏళ్లయినా నిండలేదు.

‘ఆన్ ద టౌన్’ (1949)తో ఇద్దరూ కలిసి దర్శకులయ్యారు. స్టూడియో సెట్లలోనే అన్నీ తీసే కాలంలో యూనిట్‌ను న్యూయార్క్ వీధుల్లోకి, బ్రూక్లిన్ బ్రిడ్జి మీదికి తీసుకెళ్లారు. తర్వాత ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ (1952). వాన కనబడటానికి నీళ్లలో పాలు కలిపారన్న కథ ఇప్పటికీ తిరుగుతోంది. అది వట్టి మాట. లైటు ఎదురు నుంచి పడితే వాన చుక్క తెలియదు, వెనక నుంచి పడితే వెండి తీగలా మెరుస్తుంది. చేసిందల్లా అంతే. తెరిచిన గొడుగు చాపి పట్టుకుని కెల్లీ వీధిలో గిరగిరా తిరిగే చోట కెమెరా ఉన్న క్రేన్ వెనక్కి, పైకి లేస్తుంది. ఆ ఆనందంలో సగం కెల్లీ ముఖంలో ఉంటే, మిగతా సగం ఆ క్రేన్ కదలికలో ఉంది.

ఇదంతా కెల్లీ ఘనతేనని వాదించేవాళ్లు ‘సెవెన్ బ్రైడ్స్ ఫర్ సెవెన్ బ్రదర్స్’ (1954) చూడాలి. అందులో కెల్లీ లేడు. సినిమాస్కోప్ అప్పుడే వచ్చింది. అంత వెడల్పు తెరలో ఒక్క మనిషి ఆడితే రెండు పక్కలా ఖాళీయే. డోనెన్ దాన్ని ఏడుగురు అన్నదమ్ములతో నింపాడు. కొట్టం కట్టే ఘట్టంలో మైకేల్ కిడ్ సమకూర్చిన డాన్స్ పలకల మీద, దుంగల మీద సాగుతుంటే ఎవరి కాళ్లూ ఫ్రేమ్ అంచున తెగవు. కెల్లీతో చివరి సినిమా ‘ఇట్స్ ఆల్వేస్ ఫెయిర్ వెదర్’ (1955) నాటికి ఇద్దరికీ పొసగలేదు. ‘ఫన్నీ ఫేస్’ (1957) మళ్లీ ఆస్టేర్‌తో, కెల్లీ లేకుండానే.

ఇలా పాటలూ డాన్సులతో నడిచే మ్యూజికల్స్ కాలం చెల్లాక ‘షరాడ్’ (1963) లాంటి థ్రిల్లర్‌నూ అదే లయతో నడిపాడు. ఉత్తమ దర్శకుడి ఆస్కార్‌కు ఒక్కసారి కూడా నామినేట్ కాలేదు. 1998లో గౌరవ ఆస్కార్ ఇస్తే, డెబ్బై మూడేళ్ల డోనెన్ ఆ బొమ్మను చెంపకు ఆనించుకుని, ఆస్టేర్ పాట ‘చీక్ టు చీక్’ పాడుతూ వేదిక మీద డాన్స్ చేశాడు.