బంగారు కడ్డీల సంచి వేరు, ఈ గ్రాంట్ల సంచి వేరు

"అమెరికాలో పర్యావరణ న్యాయం పేరు చెప్పి ఈపీఏ 20 బిలియన్ డాలర్లు బ్యాంకులో దాచి, కావాల్సిన ఎన్జీవోలకు బంగారు కడ్డీల్లా విసిరేసింది. రంగు చూసి ఇచ్చారు, లెక్కాపత్రం లేదు, చేసిందంతా మీటింగులే." ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది, నాకైతే మూడు గ్రూపుల్లో వచ్చింది. ఈపీఏ అంటే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ; పర్యావరణ న్యాయం అంటే కాలుష్యం భారమంతా పేద, వెనకబడిన ప్రాంతాల మీదే పడకుండా చూడటం.

ముందు ఆ 20 బిలియన్ సంగతి. సిటీబ్యాంక్ ఖాతాల్లో పెట్టిన ఆ డబ్బు భూమిని వేడెక్కించే వాయువులు తగ్గించడానికి పెట్టిన గ్రీన్‌హౌస్ గ్యాస్ రిడక్షన్ ఫండ్‌ది, గాలి కాలుష్యం మీద ఉన్న క్లీన్ ఎయిర్ యాక్ట్ 134వ సెక్షన్ కింద వచ్చింది. పర్యావరణ న్యాయం పేరుతో బస్తీలకు, పల్లెలకు ఇచ్చిన గ్రాంట్లు 138వ సెక్షన్‌వి, అందులో మొత్తం కలిపితేనే 3 బిలియన్. రెండు సెక్షన్లనూ ఆ యాక్ట్‌లో చేర్చింది 2022 ఆగస్టు నాటి ఒకే చట్టం కాబట్టి కలగాపులగం కావడం సహజమే, కానీ మొత్తం కార్యక్రమమే 3 బిలియన్‌ది అయితే దాంట్లోంచి 20 ఎలా పోతాయి చెప్పండి?

రంగు చూసి ఇచ్చారన్నది రెండోది. పర్యావరణ న్యాయ ఉద్యమానికి ఊపు వచ్చింది 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉన్నచోట విషపు మట్టి పూడ్చబోతే జనం రోడ్డు మీద పడుకున్నప్పుడు, అది నిజం. కానీ 138వ సెక్షన్‌లో జాతి అర్హత కాదు, వెనకబడిన ప్రాంతమా కాదా అన్నదే ప్రశ్న.

లెక్క లేదా? ఈపీఏ గ్రాంట్ డబ్బు డ్రా చేస్తే 5 పనిదినాల్లో ఖర్చు పెట్టాలి, ఊరికే ఖాతాలో పెట్టుకుని కూర్చోవడానికి లేదు. ఏడాదిలో 10 లక్షల డాలర్ల ఫెడరల్ డబ్బు ఖర్చుచేస్తే (మొన్నటిదాకా ఏడున్నర లక్షలే) బయటి ఆడిటర్‌తో ఆడిట్ తప్పనిసరి. నిజానికి చిన్న సంఘాల గోలంతా ఈ కాగితాలతోనే, మెసేజ్ రాసినాయన ఒక్కసారి ఆ దరఖాస్తు నింపి చూస్తే తెలుస్తుంది.

ఇక మీటింగులు. జనాన్ని ప్రభుత్వ చర్చల్లో కూర్చోబెట్టడానికి కూడా చట్టం డబ్బు ఇవ్వనిచ్చింది, అంతవరకు ఒప్పుకుంటాను, చాలా గ్రాంట్లు 2024 చివర్లో హడావుడిగా ఇచ్చారన్న విమర్శలోనూ పస ఉంది. కానీ మీటింగులతో మొదలైన పని ఎక్కడిదాకా పోతుందో సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో చూడొచ్చు: మూతబడ్డ ఎరువుల ఫ్యాక్టరీ, పాత డంపుయార్డు పక్కన బతికే వాళ్ల సంఘానికి 1990ల చివర్లో ఈపీఏ ఇచ్చింది 20 వేల డాలర్లు. దాన్ని పట్టుకుని వాళ్లు ఇతర చోట్ల నుంచి తెచ్చింది 250 మిలియన్లకు పైనే, ఆరోగ్య కేంద్రాలు, ఇళ్లు అలా వచ్చాయి.

అలాస్కాలోని కిప్‌నక్ అనే యూపిక్ ఆదివాసుల ఊరిదైతే ఇంకో కథ. దానికిచ్చిన దాదాపు 20 మిలియన్ డాలర్ల గ్రాంట్‌ను 2025 మేలో రద్దు చేశారు, అక్టోబర్‌లో తుపాను వచ్చి ఊరు మునిగింది, జనాన్ని విమానాల్లో తరలించారు. గ్రాంట్ ఉంటే ఊరు మునిగేది కాదని నేననను, ఐదు నెలల్లో అంత పని ఎలాగూ పూర్తయ్యేది కాదు. కానీ ఆ డబ్బు అడిగింది మీటింగుల కోసం కాదు, ఏటి ఒడ్డు కోసుకుపోయి ఇళ్లు నీళ్లలో పడకుండా ఆపడానికి.