ఇవ్వాల్సిన వాళ్లే వాయిదాలడిగితే ఎలా?

మా పర్లాకిమిడిలో 1971 యుద్ధం చేసిన తాతగారొకరున్నారు. పింఛను ఆగకూడదంటే ఏటా నవంబరులో బతికే ఉన్నానని రుజువు చూపించాలి. వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ గుర్తుపట్టదు. సరిహద్దు కాసిన మనిషి కౌంటర్ దగ్గర అనుమానితుడా?

ఒకే ర్యాంకు, ఒకే పింఛను అన్నారు సర్కారువారు. అంటే ఒకే ర్యాంకులో, అంతే సర్వీసు చేసినవాళ్లకి ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛనన్నమాట. దాని కోసం 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర శాంతంగా కూర్చున్న మాజీ సైనికుల్ని పోలీసులు లాగిపడేశారు. ఎప్పుడు? ఆగస్టు 14న. ముహూర్తం భలే చూశారు! సెప్టెంబరులో సరేనన్నారు, అయిదేళ్లకోసారి సవరిస్తామన్నారు. 2019లో రావాల్సిన సవరణకి 2022 డిసెంబరులో గానీ క్యాబినెట్ ఊఁ అనలేదు. పైగా బకాయిలు వాయిదాల్లో ఇస్తామన్నారు. ఎనభై దాటినవాళ్లకి వాయిదాలేంటండీ, వాళ్లేమైనా ఫ్రిజ్ కొనుక్కున్నారా?

జనవరి 26కి మాత్రం ముందు వరసలో కుర్చీ, ఓ శాలువా, ఫొటో. ఆ శాలువా చూపిస్తే మందులషాపు వాడు బీపీ మాత్రలిస్తాడా?